పలకని పండగ

ప్రొద్దుటూరు,
నవంబరు 17.

ఖైరూనక్కకు నమస్కారమూ సలామూ రెండూ.

తునకలు తునకలుగా మెసేజీలు పెడితే తిడతావని, ఊరూ తేదీ పైన పెట్టి, రాత్రిబడి పంతులు నీకు నేర్పించిన ఉత్తరం మాదిరే టైపు చేస్తాండా. ఫోన్లో నిమిషంలో అయిపోయే మాట ఇది. ఏం జేస్తాం? గనిలో బండలు పేల్చే తూటాలు నీ చెవులు తినేసి నా బొటనవేలికి పని పెట్టినాయి.

ముందు చెడ్డమాట. మన నారాయణ పెద్దాయన పోయినాడు. మొన్న బేస్తవారం, నిద్దట్లోనే. ఎనభై దాటినాయిలే. జమ్మలమడుగుకు పోయి మట్టి చేసొచ్చినా. నీకు వీలైతే ఒకసారి పోయి పెద్దమ్మను పలకరించు.

ఉండు, గిరాకీ.

వచ్చినా. ఎవరో గృహప్రవేశానికి ముప్పై స్టీలు డబ్బాల మీద పేర్లు చెక్కమంటాండ్రు, మధ్యాన్నానికే కావాలంట. నాపరాళ్లు చెక్కే చెయ్యి డబ్బాల మీదికొచ్చిందని భార్యామణి ఎగతాళి.

ఇప్పుడు పండగ సంగతి. ఫిబ్రవరి తొమ్మిది ఈసారి ఆదివారం పడింది. అడ్వాన్సు తీరేదాకా గీత దాటరాదని మనల్ని కట్టిపడేసిన ఆ గనిలోంచి, ఆఫీసర్లు విడిపించి జీపులెక్కించి తీసకపోయి ఇరవై ఆరేండ్లు. పిల్లోళ్లకు గోనెసంచి పందెం, నిమ్మకాయ పందెం, మనకు చిత్రాన్నం, పాయసం. టెంటు గని గడ్డ మీదనే, ఎప్పటి మాదిరే.

కానీ పేర్లు ఎవరు పిలవాల? పెద్దాయన మేస్త్రీ గొంతు అచ్చంగా తెచ్చి పిలుస్తాండె. గనిలో పొద్దునా సాయంత్రమూ హాజరుకు 'ఉండా సామీ, ఉండా సామీ' అని అరిగిపోయిన నోర్లు మనవి. ఏడాదికి ఆ ఒక్కనాడు పిలిచినా పలకనక్కర లేదు. ఎంత సుఖమక్కా అది! పలికినోళ్లు అందరికీ జిలేబీ పెట్టాల. పోయినేడు భారతమ్మ చూడు, పేరు పిలవంగానే "ఆఁ వస్తాండా, పాయసం అడుగంటుతాంది" అనె. రెండు కేజీల జిలేబీ! పిల్లోళ్లు దొర్లి దొర్లి నగిరి.

ఈసారి నువ్వే పిలవాలక్కా. మనలో బడికి పోయి అక్షరాలు దిద్దుకున్నది నువ్వే, నావి చెక్కి చెక్కి పట్టుకున్నవి. ఫాయిజాను గూడా తీసకరా. ఆ పిల్ల ఒక్క పండక్కీ రాలేదు.

నీ తమ్ముడు,
ఓబులేసు.

*

పులివెందుల,
నవంబరు 29.

తమ్ముడు ఓబులేసుకు ఆశీస్సులు.

నీ ఉత్తరం చదవడానికి నాకు రెండు పొద్దులు పట్టింది. కూడబలుక్కుని చదివేదాన్ని, కాస్త చుక్కలూ కామాలూ పెట్టు. నేను వాచకంలో నేర్చుకున్నట్టు రాస్తానని నువ్వు నవ్వుతావు. నవ్వుకో. నాకు వచ్చింది అదే.

మార్కెట్ యార్డులో చీనీకాయలు ఏరే పనికి ఒక రోజు సెలవు పెట్టి, పెద్దాయన ఇంటికి పోయి వచ్చాను. వచ్చేటప్పుడు పెద్దమ్మ నాకొక రేకు పెట్టె ఇచ్చింది. "నువ్వు చదువుకున్నదానివి, నీ దగ్గరుండనీ" అంది. అందులో ఏముందో తెలుసా? మేస్త్రీ హాజరు పుస్తకం. జీపులు వచ్చిన రోజు గుడిసెలోంచి పెద్దాయన చేజిక్కించుకున్నాడట. ఇన్నేళ్లూ ఎవరికీ చూపలేదు.

మనం ప్రతి ఏడూ పిలుచుకునేది విడుదల కాగితాల్లోని పేర్లు. ముప్పై ఏడు. ఈ పుస్తకంలో ముప్పై ఎనిమిది ఉన్నాయి. ఆ ఒక్క పేరు నా మొగుడిది.

జీపులు రావడానికి పద్దెనిమిది రోజుల ముందే పోయినవాడి పేరు విడుదల కాగితాల్లో ఎందుకుంటుంది? నన్నూ కడుపులో బిడ్డనూ వదిలిపోయాడు. ఫాయిజా పండక్కి రానిది అందుకే. "పారిపోయినోడి కూతురొచ్చిందని మూతి తిప్పుతారు, నేను రాను" అంటుంది. ఇడుపులపాయ హాస్టల్లో వందమంది పిల్లల్ని అదుపులో పెట్టే మనిషి, ఆ మాటకు మాత్రం తల దించుకుంటుంది.

అయినా నేను పిలుస్తాను. ఈ పుస్తకంలోంచే పిలుస్తాను, ముప్పై ఎనిమిదీ. పోయినా ఆయనా మనలో ఒకడే కదా. ఇంకొక్క పని. మంచి స్టీలు పళ్లెం మీద ఉస్మాన్ అని చెక్కి పెట్టు. ఆ రోజు మనందరి పళ్లేలతో పాటు అదీ వరుసలో ఉండాలి.

అక్క,
ఖైరున్నీసా.

*

ప్రొద్దుటూరు,
డిసెంబరు 8.

ఖైరూనక్కకు నమస్కారం.

బాగుండావా? ఈడ చలి. టెంటాయనతో మాట్లాడినా, కుర్చీలు వంద, మైకు ఊరికే ఇస్తానన్నాడు. చిత్రాన్నానికి నిమ్మకాయలు నువ్వు తెస్తావా, నేను కొనేదా? గోనెసంచులు మన వీధి బియ్యమంగడాయన ఇస్తాడంట. పోయినేడు పిల్లోళ్లు చించిరి, ఈసారి గట్టివి అడిగినా.

పళ్లెం సంగతి, మిషన్ చెడిపోయిందక్కా. సూది అరిగిపోయింది. బాగు చేసేటోడు కడప నుంచి రావాల, ఎప్పుడొస్తాడో తెలీదు.

ఇంకోటి, కోప్పడొద్దు. బావ పేరు ఎందుకక్కా? పిల్లాజెల్లా నగుతా ఉండే పండగ. నోర్లు ఊరుకోవు. 'పారిపోయిందే కాక సమ్మెట గూడా ఎత్తుకపోయినాడు' అని ఇప్పటికీ అనేటోళ్లుండారు. పాత జాబితానే చదువు. ముప్పై ఏడు చాలు. ఆ పుస్తకం పెట్టెలోనే పెట్టెయ్యి. కావాలంటే నాకియ్యి, నేను దాచిపెడతా.

భారతమ్మకు ఈసారి నోట్లో వక్కాకు కుక్కి కూచోబెట్టాలని పిల్లోళ్లు ప్లాన్ వేస్తాండ్రు. నగు వస్తాంది తలుచుకుంటే.

గిరాకీ వచ్చింది, ఉంటా.

ఓబులేసు.

*

పులివెందుల,
డిసెంబరు 27.

తమ్ముడు ఓబులేసుకు.

మిషన్ చెడిపోయిందని నువ్వు రాసింది ఎనిమిదో తారీఖు. మా పక్కింటి జరీనా పదో తారీఖు నీ కొట్లోనే బిందె మీద పేరు వేయించుకుని వచ్చింది. నీలాంటి మంచి చెయ్యి పులివెందులలో లేదని మెచ్చుకుంది కూడా.

ఇరవై ఆరేళ్లలో నువ్వు నాకు అబద్ధం చెప్పినట్టు పట్టుకోవడం ఇదే మొదలు. ఫాయిజా పుట్టినప్పుడు ఆస్పత్రిలో బయట కూచున్నది నువ్వు. దాన్ని బడిలో వేసింది నువ్వు. బావ పేరు చెక్కడానికి నీ చేతికేమైంది?

పుస్తకం దాచిపెడతానన్నావు. నేను దాన్ని చూస్తూనే ఉన్నాను. రంజాన్ అయిన మూడో రోజు, సాయంత్రం గడిలో, ఆయన పేరు ఎదుట టిక్కు ఉంది. మరుసటి పొద్దున గడిలో సున్నా. ఆ తర్వాత అన్నీ సున్నాలే.

ఆ సాయంత్రం నాకు బాగా జ్ఞాపకం. పొయ్యి దగ్గర సంగటి కెలుకుతున్నాను. ఎడమ చెవి అప్పటికే పోయింది, కుడి చెవి ఇంకా పని చేస్తోంది. మేస్త్రీ పిలిచాడు. అందరూ 'ఉండా సామీ' అంటారు. ఆయనొక్కడే 'హాజర్' అనేవాడు. మొండివాడు కదా, ఎవరినీ సామీ అనడు. ఆ సాయంత్రమూ 'హాజర్' అని వినిపించింది. ఉన్నాడులే అని సంగటి ముద్ద పెట్టి, పళ్లెం మీద పళ్లెం మూసి ఉంచాను. రాలేదు. ముద్ద రాయి అయిపోయింది.

హాజర్ అని పలికి, పది అడుగుల దూరంలో ఉన్న నాకు ఒక్క మాట చెప్పకుండా పోయాడు. అదే నాకు అరగదు. ఆయన పోయాడని కాదు. పలికి పోయాడని.

ఇప్పుడు రెండు చెవులూ పోయాయి. నా కూతురు గొంతు ఎట్లుంటుందో మరచిపోతున్నాను. కానీ పొయ్యి ముందు కూచుంటే ఇప్పటికీ నా వెనకాల ఎవరో హాజర్ అంటారు. తిరిగి చూస్తాను. నల్లపూసలు తియ్యలేదు. తియ్యాలో ఉంచాలో ఎవరూ చెప్పలేరు. బతికుంటే నేను భార్యను. పోయి ఉంటే ఆయనకొక ఫాతెహా చదివించనైనా లేదు.

నీకేదో తెలుసు. రాయి.

ఖైరున్నీసా.

*

జమ్మలమడుగు,
జనవరి 5.

అక్కా,

కొట్టు మూసి వచ్చినా. గని గడ్డ మీద రాయి ఎక్కి కూచోని రాస్తాండా. ఈడ గిరాకీ ఎవరూ రారు, తప్పించుకునేకి లేదు.

నువ్వు ఆ సాయంత్రం ఇన్నది బావ గొంతు కాదు. నాది.

బావా నేనూ ఒక మాట అనుకున్నాము. ఏదో ఒక పొద్దు సందు చూసుకోని తాను జమ్మలమడుగు పోయి ఆఫీసులో అర్జీ ఇస్తా అనె. "ఏ సాయంత్రం నేను కనపడనో ఆ పొద్దు నేను పోయినట్ల. నా పేరు పిలిస్తే నా మాదిరి నువ్వు పలుకురా ఓబులేసూ. తెల్లారేదాకా వెతకకుంటే చాలు, నేను ఊరు దాటేస్తా." నీకు చెప్తానంటే ఒప్పుకోలేదు. "మేస్త్రీ మొదట పట్టుకునేది ఖైరూనే. తెలీకపోతే అబద్ధం చెప్పే పని ఉండదు" అనె.

ఆ పొద్దు మధ్యాన్నం గని అడుగున కింది మెట్టులో బండలు జారి దబ్బుమని సద్దయింది. అందరమూ ఇన్నాము. బండలు జారడం కొత్తా? సాయంత్రం మసక చీకట్లో చూస్తే వరుసలో బావ లేడు. నాకు సంతోషమైందక్కా. పోయినాడు, మగాడు అనుకున్నా. మేస్త్రీ ఉస్మాన్ అనె. రెండోసారీ అనె. రూలు నీకు తెలుసు గదా, మూడు పిలుపులకు పలకకపోతే జనమంతా కదిలి గనంతా వెతకాల, మనిషి దొరికేదాకా పుస్తకం మూయరు. ఎవరూ పారిపోకుండా వాండ్లు పెట్టుకున్న రూలు. మూడో పిలుపు కాకముందే నేను గొంతు మార్చి హాజర్ అంటి. మేస్త్రీ టిక్కు పెట్టె.

మరుసటి పొద్దున బావ సమ్మెట గూడా లేదని తెలిసింది. దొంగ అనిరి. నేను గూడా గమ్మునుంటి. ఆ సమ్మెట మీద ఉ అని ఉలితో చెక్కి ఇచ్చింది నేనే. పదహారు పౌన్ల సమ్మెట. పారిపోయేటోడు దాన్ని ఎత్తుకోని పరిగెత్తుతాడా అక్కా? ఆ ప్రశ్న ఆ పొద్దే నా కడుపులో పడింది. పొద్దెక్కినాక కింది మెట్టు ప్రమాదమని, తుక్కురాళ్లతో పూడ్చమనిరి. పూడ్చినాము. నా గంపతో నేనూ పోసినా.

జీపులొచ్చిన రోజు, ముందు జీపులో బావ ఉంటాడని చూసినా. రెండో జీపు. మూడో జీపు. ఆఫీసరును అడిగినా, ఉస్మాన్ అనే మనిషి అర్జీ ఇచ్చినాడా సార్ అని. "లేదు, ఎవరో పంతులు కార్డు రాసినాడు" అనె. అందరూ ఏడుస్తా నగుతా జీపులెక్కితిరి. నేను ఎక్కి, వెనక్కి తిరిగి ఆ మెట్టు చూస్తి. చెప్పింటే ఆ పొద్దే తవ్వుతాండ్రి. విడుదలంటే ఎట్లుంటుందో చూడాలనే ఆశ నోరు నొక్కేసిందక్కా. తర్వాత నీ ముఖం చూసి నొక్కుకున్నా. బతికుండాడనే ఆశ ఉంటుందిలే నీకు అని నాకు నేనే చెప్పుకుంటి. అది నీకోసం కాదు, నాకోసం.

నేను పలకకుండా ఉండింటే ఆ సాయంత్రమే వెతుకుతాండ్రి. అప్పటికి ఊపిరి ఉండిందో లేదో. ఆ 'ఉండిందో' తోనే నేను ఇన్నేండ్లూ కాపరం చేస్తాండా. ప్రతి పండక్కీ అందరికంటే గట్టిగా నగింది నేను. పలకకుండా కూచోవడం నాకే బాగా చేతనైంది చూడు.

ఏమన్నా అను.

ఓబులేసు.

*

పులివెందుల,
జనవరి 24.

ఓబులేసూ,

పందొమ్మిది రోజులు రాయలేదు. చదివావని ఫోన్లో నీలం గుర్తులు చూసి, జవాబు రాలేదని నువ్వు భయపడి ఉంటావు. భయపడనీ అనుకున్నాను.

నీ గొంతు నా చెవిలో ఇరవై ఆరేళ్లు కాపురం చేసింది. దానికి నేను తిరిగి చూశాను, కోప్పడ్డాను, ఏడ్చాను, కలలో అన్నం పెట్టాను. నా మొగుడి మీద పడాల్సిన మట్టి పడలేదు. ఆయన మీద పడకూడని మాటలన్నీ పడ్డాయి. మొదటి పిడికెడు మాట వేసింది నేనే.

ఫాయిజాకు నీ ఉత్తరం చూపించాను. రెండుసార్లు చదివింది. తర్వాత కాగితం మీద రాసి చూపింది: 'అంటే నాన్న ఎక్కడికీ పోలేదా?' దానికి ఇరవై ఐదేళ్లు. ఐదేళ్ల పిల్లలా రాసింది.

క్షమించానని రాయను. రాదు. మాట్లాడనని కూడా రాయను, నాకు నీతో పని ఉంది.

పండగ జరగాలి. పిల్లలు, పందేలు, పాయసం, అన్నీ ఉండాలి. నేను పుస్తకంలోంచి పేర్లు పిలుస్తాను. చివరగా ఆయన్ని పిలుస్తాను, మూడుసార్లు. మూడుసార్లూ నువ్వు నోరు మూసుకుని కూచో. ఆ సాయంత్రం ఉండాల్సినట్టు ఉండు. మూడు పిలుపులకూ పలకకపోతే ఏం చెయ్యాలో అందరికీ తెలుసు.

గంపలు తెచ్చిపెట్టు.

ఖైరున్నీసా.

*

ప్రొద్దుటూరు,
జనవరి 26.

అక్కా,

తెస్తా. గంపలు యాభై, గడ్డపారలు పది, పిల్లోళ్లు దగ్గరికి రాకుండా తాడు. ఆఫీసులో అర్జీ గూడా ఇచ్చొచ్చినా. నేను పలికిన మాట, పోసిన గంప, అన్నీ రాసి సంతకం పెట్టినా. రాసుకున్న ఆయన నన్ను రెండుసార్లు ఎగాదిగా చూసె. పండగ పొద్దు మనిషిని పంపుతామనిరి. మన ముప్పై ఏడు మందిలో ఉండేటోళ్లందరి ఇండ్లకూ పోయి నా నోటితోనే చెప్పినా. భారతమ్మ చీపురు ఎత్తుకునె. కొట్టలేదు. కొట్టింటే బాగుండు.

ఓబులేసు.

*

పులివెందుల,
మార్చి 16.

తమ్ముడు ఓబులేసుకు.

ఉపవాసంతో రాస్తున్నాను. పోలీసులూ డాక్టర్లూ వాళ్ల పని ముగించి ఆయన ఎముకలు మనకు అప్పగించాక, మొన్న శుక్రవారం జమ్మలమడుగులో ఆయనకు మట్టి ఇచ్చాము. నువ్వు గోరీల గోడ బయటే నిలబడ్డావట. ఫాయిజా చూసి చెప్పింది. నేను పిలవలేదు. అది కూడా నిజమే.

నల్లపూసలు తీసి రేకు పెట్టెలో, పుస్తకం పక్కన పెట్టాను. ఆయన పక్కనే దొరికిన సమ్మెట పోలీసుల దగ్గరే ఉంది. మీద ఉ అక్షరం చెక్కుచెదరలేదు. నాన్న సమ్మెట ఎప్పుడిస్తారని ఫాయిజా స్టేషను చుట్టూ తిరుగుతోంది. దొంగ అన్నవాళ్లందరికీ చూపిస్తుందట.

ఒక్క సంగతి అడగాలి. ఆ రోజు నేను మూడుసార్లు పిలిచాను. పిలిచినట్టు గొంతు నొప్పి వల్ల నాకు తెలుసు. తర్వాత ఏమైందో నాకు వినపడదు. అందరి పెదవులూ చూశాను. ఏవీ కదల్లేదు. కానీ నా వీపు వెనకాల గని గుంత ఉంది. అటు నేను చూడలేదు.

మూడో పిలుపుకు ఎవరైనా పలికారా? ఇది రంజాన్ నెల. అబద్ధం రాయొద్దు.

అక్క,
ఖైరున్నీసా.

*

ప్రొద్దుటూరు,
మార్చి 17.

అక్కా,

షట్టరు సగం దించి, గిరాకీని బయట నిలబెట్టి రాస్తాండా. చూసింది చూసినట్ల, ఇన్నది ఇన్నట్ల.

ముప్పై ఏడు పేర్లకూ ఎప్పటి మాదిరే జరిగింది. భారతమ్మ కొంగు నోట్లో కుక్కుకునె. పోయినోళ్ల పేర్లొచ్చినప్పుడు వాండ్ల పిల్లోళ్లు గూడా బుగ్గలు ఉబ్బించుకోని బిగబట్టిరి. తర్వాత నువ్వు ఉస్మాన్ అంటివి. చిన్నపిల్లోళ్లు ఇంకా కిసకిసమంటానే ఉండిరి. వాండ్లకు తెలీదు గదా.

రెండోసారి అంటివి. పెద్దోళ్లు ఒక్కొక్కరే లేచి నిలబడిరి. పిల్లోళ్లు నగడం ఆపి మా ముఖాలు చూసిరి. ఆ మైకాయన ఏదో సరిచేయబోయి చెయ్యి వెనక్కి తీసుకునె.

ఆ రెండో పిలుపు తర్వాతే అక్కా. ఆ సాయంత్రం నేను పలికింది సరిగ్గా ఆడనే. గొంతులోకి వచ్చింది. నేను తెచ్చుకోలేదు, అదే వచ్చింది. అలవాటైన మాట మాదిరి. పండ్ల మధ్య నాలిక పెట్టుకోని కరిచిపట్టినా. నోరంతా ఉప్పగా అయింది.

మూడోసారి నువ్వు మైకు పక్కకు పెట్టి, ఉత్త గొంతుతో పిలిచినావు. నీకు చెవుడు కాబట్టి ఎంత గట్టిగా పిలిచినావో నీకు తెలీదు. గుంతలోంచి తిరిగొచ్చింది. ఉస్మాన్ అని. మొదట అది బావే అనుకున్నా. కాదు. నీ గొంతే, అడుగున తగిలి మళ్లీ పైకొచ్చింది. అంతే. ఒట్టు.

ఆ తర్వాత నీకు తెలుసు. పుస్తకం మూయకుండా కుర్చీలో పెట్టి నువ్వు నడిస్తివి, ఫాయిజా నీకంటే ముందు పోయింది. ఎవరూ ఏమీ చెప్పకుండానే గంపలు లేచినాయి. పోసిన చేతులే తీసినాయి. ఆఫీసు మనిషి వద్దంటానే గంప అందుకునె.

పళ్లెం చెక్కినా. మిషన్‌తో కాదు, ఉలితో. స్టీలు మీద ఉలి జారుతుంది, అక్షరం రోంత వంకర పోయింది. నేను తెచ్చియ్యను. జరీనా వస్తే పంపిస్తా. నువ్వు పిలిచిన పొద్దు నేను వస్తా. పిలవకపోతే రాను.

నువ్వు అడిగినదానికి జవాబు.

ఎవరూ పలకలేదక్కా. నేను గూడా.

ఓబులేసు.